ఏడో నంబరు లారీ

బల్ల మీదున్న ఏడో నంబరు లారీని చూసిన దగ్గర్నుంచీ గంగాధరానికి కడుపు మండిపోతోంది.

జానెడు బొమ్మ లారీ. వెనక తలుపు మీద రెండు నెమళ్ళు, మధ్యలో తామరపువ్వు, కింద ఆవగింజలంత అక్షరాల్లో 'సౌండ్ హారన్'. ఎక్కడా రంగు చెదరలేదు, అంచు లేవలేదు. పక్కనే ఉన్న తన ఎర్రబస్సు వెలవెలబోతోందని ఒప్పుకోవడానికి ఆయనకు ప్రాణం ఒప్పలేదు.

తిరుపతిలో ఈ బొమ్మ బండ్ల పోటీ మొదలైనప్పట్నుంచీ కప్పు గంగాధరందే. ఇంట్లో ప్రింటరు మీద బొమ్మలు అచ్చు తీసి, నీళ్ళలో నానబెట్టి, కాగితం మీంచి జార్చి బండికి అతికించడంలో తనను మించినవాడు లేడని ధీమా. ఆ బొమ్మల్ని డెకాల్స్ అంటారని ఊరందరికీ చెప్పాడు. భార్య ప్రసన్నకుమారికైతే రోజూ చెప్పాడు. ఆమె ఓపిగ్గా వినేది. వార్నీషు కొట్టకుండా నీళ్ళలో వేస్తే రంగు కరిగిపోతుందా అని అడిగేది కూడా. నేనూ ఒకటి కత్తిరిస్తానంటే మాత్రం, ఆడవాళ్ళ చేతికి లొంగే పని కాదని నవ్వేశాడు. ఆ తర్వాత ఉద్యోగం మీద సత్యవేడు వైపు క్యాంపుల్లో పడి ఆ మాటే మరిచిపోయాడు.

పోటీలో పేర్లు కవర్లలో ఉంటాయి, బయటికి నంబర్లే. డెకాల్స్ మటుకు ఎవరింట్లో వాళ్ళే అచ్చు తీసుకోవాలి. గంగాధరం ఆ నియమాన్నే పట్టుకున్నాడు. మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని కూడా అదే గోల.

"వాడెవడో మద్రాసులో అచ్చేయించుకోనొచ్చినాడు. కంప్లైంటిస్తా."

ప్రసన్నకుమారి మజ్జిగ పోస్తూ ఆగింది. "బాగుంటే బాగుందనుకోరాదా?"

"బాగుండాదని ఎవురన్నారు?"

"మీరే గదా, పొద్దన్నుంచీ చెప్తా ఉండారు."

ఆయనకు ఇంకా ఒళ్ళు మండింది. సగం అన్నం వదిలేసి లేచాడు.

కమిటీ పెద్ద దొరస్వామి ఫిర్యాదు విని, లోపలికి పోయి ఏడో నంబరు కవరు తెరిచాడు. బయటికొచ్చి, వెనక్కి తీసుకోమని నెమ్మదిగా చెప్పాడు. ఫిర్యాదు తప్పని తేలితే ఎర్రబస్సునే పోటీలోంచి తీసేయాల్సి వస్తుందన్నాడు. వాణ్ణి వెనకేసుకొస్తున్నాడని గంగాధరానికి రూఢి అయిపోయింది. వాడింటికి పోయి ప్రింటరు చూడాల్సిందేనని పట్టుబట్టాడు.

"సరేప్పా. అయితే నువ్వూ రావాల," అన్నాడు దొరస్వామి.

రాకేం? వాడి మొహం మాడిపోతుంటే కళ్ళారా చూడొద్దూ? అందరికంటే ముందు జీపెక్కాడు.

జీపు బైరాగిపట్టెడలోకి తిరిగింది. గంగాధరం ఉలిక్కిపడ్డాడు. మా పేటలోనే ఉన్నాడా వెధవ! ఫోటో స్టూడియో మునిరత్నమే అయ్యుంటాడు. రోజూ నమస్కారం పెడుతూనే వెనక ఇంత పని చేశాడా? జీపు స్టూడియో దాటింది. సందు తిరిగింది.

జీపు ఆగిన ఇంటి గేటు తీసి, "రండి సార్, ప్రింటరు లోపలుండాది," అని దొరస్వామిని పిలిచింది ప్రసన్నకుమారి.