కప్ప మందు

మణెమ్మ ఫ్రిజ్ తలుపు తీసింది. లోపల రెండు తెల్ల డబ్బాలున్నాయి. ఒకదాని మూత మీద పాపారావు అని, రెండోదాని మూత మీద దేవరాజు అని రాసి ఉంది. పాపారావు ఆమె భర్త. దేవరాజు ఈ ఇంటాయన. మందు చల్లగా ఉండాలన్నారు. ఫ్రిజ్ ఉన్నది ఈ ఇంట్లోనే కాబట్టి, పక్కింటి మణెమ్మ వాళ్లదీ ఇక్కడే పెట్టుకున్నారు.

మగవాళ్లిద్దరిదీ కొల్లేటికోటలో చేపల చెరువు పనే. ఇద్దరికీ షుగరు, ఇద్దరికీ పాదం మీద మొండి పుండు. ఏలూరు డాక్టరమ్మ పద్మప్రియ మందు ఇచ్చేటప్పుడే దాచకుండా చెప్పింది.

"కప్ప చర్మంలో దొరికే పదార్థంతో చేసిన కొత్త మందండీ. ఇంకా పరీక్షలోనే ఉంది. సగం మందికే అసలు మందు, మిగతావాళ్లకి ఉత్త ఆయింట్‌మెంటు. ఎవరికేది వెళ్లిందో నాకూ తెలీదు."

దేవరాజు పుండు మానిపోతోంది. పాపారావుది మొదట్లో కాస్త మానినట్టే మాని, తిరగబెట్టింది. వారంలో తగ్గకపోతే పాదం తీసెయ్యక తప్పదని డాక్టరమ్మ పొద్దునే చెప్పింది.

అసలు మందు ఎవరికి దక్కిందో ఇంకొకళ్లు చెప్పాలా? పక్కింటి పెరట్లో కరివేపాకు రెబ్బ కూడా అడక్కుండా తుంచని మనిషి మణెమ్మ. కానీ మొగుడి కాలు పోతుందంటే బుద్ధి నిలుస్తుందా, పాపం! గబగబా రెండు డబ్బాల మూతలూ అటుదిటు, ఇటుదటు మార్చేసింది.

"వదినా!"

గుమ్మంలో దేవరాజు భార్య నాగరత్నం. అంతా చూసింది.

మణెమ్మ అక్కడే కూలబడింది. "తప్పేనే నాగరత్నం. కాలు తీసేస్తే ఆయన చెరువులోకి ఎలా దిగుతారే? మేమెలా బతకాలి? తమ్ముడికి నయమవుతోందిగా, ఈ వారం ఒక్కటీ..."

నాగరత్నం కేకలు వెయ్యలేదు. ఆమె ముఖం పాలిపోయింది. ఫ్రిజ్ తలుపు మూసి, వచ్చి మణెమ్మ పక్కనే నేల మీద చతికిలబడింది.

"ఎవరికీ చెప్పకే, నీకు పుణ్యముంటుంది. మూతలు మళ్లీ ఎప్పట్లాగే పెట్టేస్తాను," అంటూ లేవబోయింది మణెమ్మ.

నాగరత్నం ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"వద్దు వదినా, అలాగే ఉంచు. అన్నయ్య పుండు ముందు మానడం చూసి, పోయిన నెల ఆ మూతలు మార్చింది నేనే."