ఏడో నంబరు గుండె

జ్యోతిర్మయి చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. పక్కన లాప్‌టాప్‌లో ఒక గుండె కొట్టుకుంటోంది.

లబ్-డబ్. లబ్-డబ్.

యూనివర్సిటీ ఫిజియాలజీ విభాగంలో ఆమె గుండె పాఠం ఈ చప్పుడుతోనే మొదలుపెడుతుంది. పదిహేనేళ్ల కిందట ఎవరో పోర్టు కూలీ ఛాతీకి మైకు ఆనించి రికార్డు చేశారట. ఆ ఏడాదే అతను పోయాడట. పేరు తెలీదు. ఆ రికార్డుల్లో పేర్లు రాయరు, నంబర్లే.

అతను ఏడో నంబరు.

గుమ్మంలోకి పైగది అమ్మాయి వచ్చి నిలబడింది. ఈమధ్యే అద్దెకు దిగింది. మాట్లాడి గది ఇచ్చింది అత్తగారు మంగాయమ్మే; జ్యోతిర్మయి పేరు కూడా అడగలేదు.

ఒక సాయంత్రం ఆ అమ్మాయి మెట్లెక్కుతూ ఈ చప్పుడు విని ఆగిపోయింది. అప్పట్నుంచీ రోజూ వస్తోంది.

"ఒక్కపాలి పెడతారా మేడమ్?"

కళ్లు మూసుకుని వింటుంది. చూపుడు వేలితో తలుపు మీద లయగా తడుతుంది. చప్పుడుకి ఒక్క క్షణం ముందే.

"సచ్చిపోయినోడి గుండె ఆ పిల్ల అలాగింటాదేటి? నాకు బయమేత్తంది," అంది మంగాయమ్మ ఒకసారి.

జ్యోతిర్మయి నవ్వేసింది. ఆమె చిరాకు వేరు. రికార్డు మధ్యలో ఎవరో గొణుగుతున్నారనీ, గుండె చప్పుడు సరిగా వినపడటం లేదనీ విద్యార్థులు అంటున్నారు.

నిన్న హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నప్పుడు ఆ గొణుగుడు మాటలుగా తెలిసింది.

'పుష్పమ్మా, ఆడే కూకో. ఇప్పుడే వచ్చేత్తాను.'

గది బయట ఉన్న ఎవరితోనో ఆ కూలీ అంటున్నాడు. ఆమె ఆ గొంతు మొత్తం తుడిచేసి, పాతదాని మీదే సేవ్ చేసింది. ఇంకో కాపీ లేదు.

"ఈరోజు బాగా వినిపిస్తుంది, విను," అంది ప్లే నొక్కుతూ.

అమ్మాయి కళ్లు మూసుకుంది. వేలు కదిలింది. కాసేపటికి, ఎవరికో జవాబు చెబుతున్నట్టు, తల చిన్నగా ఊపింది.

లాప్‌టాప్‌లో గుండె తప్ప ఏమీ లేదు.

కళ్లు తెరిచింది.

"ఇక్కడో మాటుండాల మేడమ్."

"ఆ గొణుగుడా? తీసేశాను. పాఠానికి అడ్డొస్తోంది."

"మళ్లీ ఎట్టలేరా?"

"పోయింది. ఇక రాదు."

గుండె కొట్టుకుంటూనే ఉంది. తలుపు మీద వేలు మాత్రం ఆగిపోయింది. అమ్మాయి చెప్పులు వేసుకుంది.

వంటగదిలోంచి మంగాయమ్మ టీ గ్లాసుతో వచ్చింది.

"అలాగెల్లిపోతన్నావేటి పుష్పా? టీ తాగెల్లు."

జ్యోతిర్మయి చేతిలో చిక్కుడుకాయ ఆగింది.

అమ్మాయి పైగదికి వెళ్లలేదు. వెనక్కి చూడకుండా గేటు దాటి వెళ్లిపోయింది.