జల్లెడ కన్నాలు

పుసాన్ రేవు పైన కొండవాడలో మేంగ్ డూసిక్ అని ఒక డిటెక్టివ్ ఉండేవాడు. మనుషులనే నమ్మనివాడు, ఇక దయ్యాలనేం నమ్ముతాడు? కొత్త సంవత్సరం రాత్రి ఒక దయ్యం దిగి, బయట దొరికిన చెప్పులు తొడుక్కుపోతుందని, అవి పోయినవాళ్ళకి ఏడాదంతా కీడేనని అక్కడివాళ్ళ భయం. నిరుడు నూడుల్స్ అమ్మే కుమ్‌సన్ అవ్వ మనవరాలి చెప్పులు పోయాయి. పిల్ల ఏడాదంతా మంచం దిగలేదు. ఈసారీ పోతే దక్కదని అవ్వ అతన్ని కాపలా పెట్టింది. దొంగకి ఎర కావాలని అతనే పిల్ల కొత్త చెప్పులు గుమ్మం మెట్టు మీద పెట్టించాడు.

"మనిషైతే నేను పడతా. దయ్యమైతే నీ జల్లెడే దిక్కు, అవ్వా."

"ఎగతాళి చాల్లే, నిద్రపోకు నాయనా," అంటూ అవ్వ గుమ్మానికి జల్లెడ తగిలించింది. దయ్యం ఆ కన్నాలు లెక్కపెడుతూ తెల్లారేదాకా ఉండిపోతుందట. లెక్క పూర్తయిందా, చెప్పులు దానివే.

డూసిక్ చిన్నప్పుడు వాళ్ళమ్మ కూడా ఇలాగే తగిలించేది. కింద కూర్చుని చెల్లెలు బునీ లెక్కపెట్టేది. ఎప్పుడూ ఎనిమిది మరిచిపోయి, మళ్ళీ ఒకటికొచ్చేది. ఆరేళ్ళకే పోయింది, పిచ్చితల్లి.

దీపం కొండెక్కింది. జల్లెడ దగ్గర ఒక చిన్న గొంతు వినిపించింది.

"ఆరు, ఏడు..." ఆగింది. "ఒకటి, రెండు..."

మళ్ళీ ఏడు దగ్గరే ఆగింది.

"ఎనిమిదే, బునీ," అన్నాడు డూసిక్, వెనకటిలాగే.



"తొమ్మిది," అంది గొంతు, సంబరంగా. ఇక ఆగలేదు.

లెక్క చివరి వరసకొచ్చింది. డూసిక్ పిల్ల చెప్పులు కోటులో దాచుకున్నాడు. తన బూట్లు విప్పి, తొడుక్కోవడానికి వీలుగా, మెట్టు మీద జతగా పెట్టాడు.