మొదట వచ్చిన పేరు

లాటరీ తీసే కంప్యూటరు తెర మీద నల్లటి విండో తెరుచుకుంది. పేరొకటి తళుక్కుమని, అంతలోనే మూసుకుపోయింది.

"నా పేరే! గంగ అని వొచ్చింది!" నర్సు ట్రైనింగులో ఉన్న ఒక్క సీటు కోసం డుంబ్రిగుడ నుంచి లాటరీకొచ్చిన గంగ అరిచింది.

"నాకేం కనబడలేదు," అన్నాడు ఆఫీసరు.

"ప్రోగ్రాం అయిపోగానే మూసుకుపోతోంది సార్. కీ నొక్కేదాకా ఆగేలా ఒక లైను రాస్తాను," అన్నాడు ఆపరేటరు రవిబాబు.

రాసి, మళ్ళీ నడిపాడు. ఈసారి విండో నిలిచింది. అందులో గంగ పక్కనే నిలబడ్డ రమణి పేరుంది.

"రెండోసారి తీత్తే పేరు మారిపోదా సార్? ముందొచ్చింది నాదే. సూసినాను!"

"నువ్వు కాక ఇంకెవరు చూశారు?" ఆఫీసరు విసుక్కున్నాడు.

రవిబాబు తల వంచుకున్నాడు. గంగకి ఆ కంప్యూటరుని నేలకేసి కొట్టాలనిపించింది.

"నానూ సూసినాను సార్," రమణి మెల్లగా అంది. "గంగ పేరే."