ఎదురుకోలు

"మీరే పోయి వాళ్లకు ఎదురుకోలు చేయల్లంట అప్పా" అన్నాడు బొజ్జన్న, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ.

వక్క కొరకబోయిన తిమ్మయ్య నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు.

"మేం చేయల్లా? మొగపిల్లోని తరపోళ్లం మేమైతే?"

"నేనూ ఆయప్పనే రమ్మని చెప్పినా. ఆ నరసింహప్ప ఇనడే. 'రావల్సింది వాళ్లు, మేం గాదు' అని బండి దిగకుండా కూసున్యాడు."

మహానంది పొలిమేరలో దారికి ఈ కొసన తిమ్మయ్య గూడుబండి, ఆ కొసన నరసింహ గూడుబండి. రెండింటికీ ముందూ వెనకా దుప్పట్లు కట్టి ఉన్నాయి. కలిపేదాకా లోపలివాటిని ఎవరి కంటా పడనీయొద్దని, దిష్టి తగులుతుందని చెప్పింది బొజ్జన్నే. ఊళ్లల్లో పెండ్లిండ్లు కుదిర్చే మనిషి అతను. కుక్కలకు సంబంధం కుదర్చడం మాత్రం ఇదే మొదలు. కర్నూలు జిల్లా ఆలూరులో తిమ్మయ్య, కడప జిల్లా గండికోట పక్క నరసింహ, ఇద్దరూ "మా కుక్కకు జోడు చూడు" అని అతన్నే పట్టుకున్నారు.

తిమ్మయ్య బండిలో ఉన్న మగకుక్క పేరు భీముడు. పిడికిట్లో పట్టేంత నడుము, జింక కాళ్లు, పొడుగు మూతి. ఎప్పుడో కన్నడసీమ నుంచి వచ్చిన వేటజాతి. ఆలూరు చుట్టుపక్కల ఆ జాతిలో మిగిలింది ఇదొక్కటే. ఇది గొర్రెల మందలో ఉన్నన్నాళ్లూ తోడేలు తిమ్మయ్య పొలం గట్టు తొక్కలేదు. ఇప్పుడు మూతి నెరిసింది. ఇప్పుడు పిల్లలు పుట్టకపోతే ఇక పుట్టవు.

"ఏందే ఇది?" తిమ్మయ్య భార్య వైపు తిరిగాడు. "ఆడపిల్లోళ్లకు ఇంత బిగువు యాడన్నా చూసినావా?"

"కుక్కలకు గూడా ఆడపిల్లోళ్లు, మొగపిల్లోళ్లా!" గురమ్మ విసనకర్రతో భీముడికి విసురుతోంది. "మన ఈదిలో తిరిగే కుక్కల్లో దీనికి ఒక్కటీ పనికిరాల్యా? ఇంతదూరం రైల్లో తెచ్చి, మళ్లా బండి కట్టించి..."

"ఈదికుక్కతో కలిపితే ఈదికుక్కలే పుడతాయి. తోడేలొస్తే నువ్వు తరుముతావా?"

"అయితే పోయి పానకమిచ్చి రా."

"పెండ్లికొడుకును ఈడ పెట్టుకోని నేను పోయి పానకమియ్యాల్నా! మన పెండ్లప్పుడు మీ నాయన చెంబు పట్టుకోని వచ్చేదాకా మా నాయన బండి దిగినాడా?"

"దిగల్యా. ఎండకు మీ అమ్మ సొమ్మసిల్లి పడిపాయ. ఆ ముచ్చట మాత్రం చెప్పవు."

తిమ్మయ్య బొజ్జన్నను మళ్లీ పంపాడు. చెరి సగం దూరం నడుద్దామని, మధ్యలో పానకం వాళ్లిస్తే చాలని. బొజ్జన్న పోయినంత వేగంగానే తిరిగొచ్చాడు.

"ఏమన్యాడు?"

"చెప్పమంటావా?"

"చెప్పప్పా!"

"కర్నూలు రాజధాని అయినంత మాత్రాన కడపోళ్లు వంగల్లా, అని అడిగి రమ్మన్యాడు."

తిమ్మయ్యకు కోపం రావాలి. రాలేదు. తల తిరిగినట్టయింది. కడప పక్క ఆనవాయితీ వేరా? అక్కడ మగపెండ్లివాళ్లే ఎదురుపోతారా? తన మేనత్తను ఇచ్చింది ఆ పక్కే. ఆమె పెండ్లిలో అట్లాంటిదేమీ చూసిన గుర్తు లేదు. పోనీ, ఆ ఆడకుక్క అంత గొప్పదా? లేక ఏదో లోపం ఉంటే దాన్ని కప్పిపెట్టడానికే ఈ బెట్టా?

"నువ్వు కండ్లారా చూసినావా దాన్ని?"

"దుప్పటి పక్కన మూతి కనపడింది. అచ్చం మన భీముని మూతే! మీదకొస్తాదని నేను యంట్రుకంత గూడా దగ్గరికి పోల్యా."

మూతి మాట విన్నాక తిమ్మయ్య మనసు ఒక పక్కకు లాగింది. నలుగురూ ఏమనుకుంటారో తలచుకోగానే ఇంకో పక్కకు లాగింది. రేపు ఆలూరు రచ్చకట్ట మీద ఈ మాట నవ్వులపాలవుతుంది. కుక్క కోసం తిమ్మయ్య ఆడపిల్లోళ్లకు పానకం మోసినాడంట!

"ఏమయ్యో, దీని నాలుక చూడు. దుప్పట్ల లోపల ఉడికిపోతాండాది" అంది గురమ్మ.

భీముడు ఎగరొప్పుతూ తల తెచ్చి తిమ్మయ్య మోకాలి మీద పెట్టింది. నెరిసిన మూతి. తిమ్మయ్య దాని చెవుల వెనక నిమిరాడు. లేచాడు.

"చెంబులో బెల్లం కలుపు."

"పోతావా?" గురమ్మ నమ్మలేనట్టు చూసింది.

"ఈని తరం ఈనితోనే పోనిస్తే, ఈ బిగువు నెత్తిన పెట్టుకోని ఏం జేసుకోవల్ల?"

కోనేట్లో మునిగి తడిబట్టలతో వస్తున్న యాత్రికులు ఆగి చూశారు. తలపాగా చుట్టుకున్న పెద్దమనిషి ఒక చేత తాంబూలం పళ్లెం, ఒక చేత చెంబు పట్టుకుని దారి మధ్యన నడుస్తున్నాడు. వెనక బొజ్జన్న. పెండ్లివాళ్లు ఎక్కడని ఎవరో ముసలామె అడిగింది. తిమ్మయ్య తల ఎత్తలేదు.

నరసింహ బండి ముందుకు పోయి నిలబడ్డాడు. చెంబు ముందుకు చాపాడు. "దిగండప్పా. పిలుచుకోని పోవడానికి వచ్చినా" అన్నాడు.

నరసింహ గభాలున కిందికి దూకాడు. పళ్లెం కండ్లకద్దుకున్నాడు. తిమ్మయ్యను గట్టిగా వాటేసుకున్నాడు.

"పెద్దమనసప్పా నీది! పద్ధతి తెలిసిన ఇల్లు. నేనన్న మాటలు మనసులో పెట్టుకోవద్దు. ఈ జాతి నిలబడుతుందో లేదోనని నాకు నిద్ర గూడా రాల్యా."

"నాకూ అంతేనప్పా" అన్నాడు తిమ్మయ్య. పరువు పోయినా పని అయిందని అతని గుండె కుదుటపడింది.

నరసింహ పానకం గటగటా తాగి, మీసం తుడుచుకుని, దారి అవతలి బండి వైపు చెయ్యెత్తి కేకేశాడు.

"అమ్మా, ఇంగ మీ పెండ్లికూతుర్ని దించు తల్లీ! మావాడు పొద్దుట్నుంచి బండ్లో ఒక్కచోట నిలబడల్యా!"