చప్పుడు లేని వాటా

అద్దెకు ఇల్లు చూడ్డానికి వచ్చేవాళ్లను రైలు గేటు వైపు నుంచి కాకుండా, బజారు మీదుగా చుట్టు తిప్పి తీసుకురమ్మని నాగభూషణం రిక్షావాడికి ముందే చెప్పి ఉంచాడు. డాబా మెట్ల తలుపుకు తాళం వేసి, తాళంచెవి పోయిందని చెప్పడానికి నాలుగుసార్లు సాధన కూడా చేశాడు.

డాబా ఎక్కితే గోడ వెనక పట్టాలు కనబడతాయి.

కరెంటాఫీసులో రిటైరై, వచ్చిందంతా పోసి బిలాస్‌పూర్‌లో సిర్గిట్టి దారిలో కట్టిన కొత్త మేడ అది. సున్నం వాసన ఇంకా పోలేదు. స్థలం చవగ్గా వస్తోందని, వెనకున్న పట్టాలను లెక్కచెయ్యకుండా కొన్నాడు. ఎందుకు చవకో గృహప్రవేశం నాడు, మంత్రాల మధ్య గూడ్సు బండి వెళ్లి పంతులు చేతిలో కలశం వణికినప్పుడు తెలిసింది. పై వాటాలో దిగిన మూడు సంసారాలూ నెల తిరక్కుండా లేచిపోయాయి. బండి పోతుంటే అలమారలో గిన్నెలు వాటంతటవే నడుస్తున్నాయట. బిలాస్‌పూర్ తెలుగువాళ్లు ఆ మేడకు ఉయ్యాల అని పేరు పెట్టారు. దసరాలోగా ఎవరూ దిగకపోతే అమ్మిపారేస్తానని కొడుకు తేల్చి చెప్పాడు. భార్య పోయాక నాగభూషణానికి మిగిలింది ఆ మేడా, ఆ కొడుకు నోరూ.

అందుకే ఈ ఆదివారం. లైను మరమ్మతు ఉందనీ, మధ్యాహ్నం దాకా ఒక్క బండీ నడవదనీ పట్టాల పనిచేసే పైడిరాజు చెప్పాడు.

ముసలి దంపతులు వచ్చారు. ఆదినారాయణ, కనకం. ఊరికి దగ్గర్లోని కోటా వైపు నుంచి బస్సులో వచ్చారు. ఉన్న ఇల్లు నెలాఖరుకు ఖాళీ చెయ్యాలట. రైల్వే వాళ్లకు మాత్రం ఇల్లు చూపించకూడదని నాగభూషణం పట్టుదల. గోడ వెనక ఏముందో వాళ్లు వాసనతో కనిపెట్టేస్తారు. అందుకని, వ్యవసాయమా అని ముందే ఆరా తీశాడు. చుట్టూ పొలాలేనని ఆదినారాయణ అన్నాడు. నాగభూషణం గుండె కుదుటపడింది.

పై వాటాలో వంటగట్టు చూపించాడు. పంపు తిప్పి చూపించాడు. కనకం వేటినీ చూడలేదు. నేరుగా వెనక గదిలోకి పోయి కిటికీ తెరిచింది; ఎదురుగా పట్టాలను కప్పేసే ఎత్తైన గోడే కనబడింది. గది గోడకు అరచెయ్యి ఆనించి నిలబడింది. మంచినీళ్లు అడిగి, తాగకుండా ఆ గ్లాసును కిటికీ గట్టు మీద పెట్టి, దానికేసే చూస్తూ ఉండిపోయింది.

పాత అద్దెవాళ్లెవరో ఉప్పందించారని నాగభూషణానికి అర్థమైంది. మనసులో ఆ మూడు సంసారాలనూ పేరుపేరునా తిట్టుకున్నాడు.

"కూసేపు కూకుంటాం బాబూ" అంది కనకం.

కూర్చున్నారు. ఎండ గదిలోకి వచ్చి, గది దాటి పోయింది. గ్లాసులో నీళ్లు కదల్లేదు. కనకం మొహం మాత్రం చిన్నబోతూ వచ్చింది. అద్దె ఎక్కువనుకుంటోందేమోనని తగ్గించాడు. ఆవిడ మొహం ఇంకా చిన్నబోయింది. మళ్లీ తగ్గించాడు. మోటారు కరెంటు ఖర్చు కూడా తనే పెట్టుకుంటానన్నాడు. ఆదినారాయణ మొహమాటంగా నేలచూపులు చూశాడు.

ఆఖరికి కనకమే అడిగింది.

"రైలు లైను ఇక్కడికి దగ్గరేనా బాబూ?"

"లైనా? ఎక్కడో గతౌరా వైపమ్మా. ఇక్కడికి కూత కూడా రాదు."

"రేత్రిపూట?"

"రాత్రయితే చీమ నడిచినా వినబడుతుంది."

"ఒక్క బండైనా ఎల్లదా?"

"పోయిన మా ఆవిడ మీద ఒట్టు. ఈ ఇంట్లో రైలు చప్పుడు వినబడే ప్రసక్తే లేదు."

పోయినావిడకు కొత్తగా వచ్చే నష్టమేమీ లేదు కనక, ఒట్టు గట్టిగానే వేశాడు.

కనకం లేచి, గ్లాసులో నీళ్లు కిటికీలోంచి పారబోసింది. మొగుడికేసి చూసింది. ఆయన కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

నాగభూషణం మెట్లకు అడ్డం నిలబడ్డాడు. అడ్వాన్సు వద్దన్నాడు. ఇంత కొత్త ఇల్లు, ఇంత తక్కువ అద్దెకు, ఇంత ప్రశాంతంగా ఈ ఊళ్లో ఇంకెక్కడుందో చూపించి పొమ్మన్నాడు. తన ఇంట్లో లోపమేమిటో చెబితే తప్ప కదలనివ్వనన్నాడు.

"ఇల్లు బంగారంలాగుంది బాబూ" అన్నాడు ఆదినారాయణ, "గానీ ముప్పై ఏళ్లు కర్గీ రోడ్ టేసన్ కాడ గేట్‌మేన్‌గా డూటీ చేసి, పట్టాల పక్క క్వార్టర్లోనే బతికినోళ్లం, రైలు చప్పుడు లేకపోతే మా ఇంటిదానికి కన్ను మూతపడదు."