పోయేవాళ్లు పెట్టిన రాయి

ఊరి బయట ఎండిన వంక దగ్గరికి రాగానే లారీ ఆగింది.

దారికి అడ్డంగా ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. తలకు తుండుగుడ్డ, నెరిసిన గడ్డం, చేతిలో ఒక రాయి.

కోసిగి పక్క పల్లె నుంచి గుంటూరు మిరప కోతలకు కూలీలను తీసుకుపోయే లారీ అది. సుగ్గి వలసకు పోవడమంటే ఇంటికి తాళం వేసి, వంట చట్టీలూ పిల్లలూ కోళ్లూ అన్నీ ఎత్తుకుని పోవడమే.

"ఏమప్పా తాతా, లారీ కింద పడాలనుండాదా?" అన్నాడు కూలీల మేస్త్రి ఉరుకుందు.

"లేదప్పా. పోయేవాళ్లు తలా ఒక రాయి ఈ వంకలో పెట్టి పోండి. మళ్లీ ఊరు చేరుతారు."

జనం నవ్వారు. హంపమ్మ మాత్రం నవ్వలేదు. ఆమె కూతురు శివజ్యోతి బడి సంచి వదలకుండా ఏడుస్తోంది. దసరా సెలవులు అయిపోయి బడి తెరిచారు. బిడ్డ మాత్రం మిరప తోటలకు. ఏటా ఇదే వరస.

"రాయి పెడితే పోయేదేముండాది" అని హంపమ్మ కిందికి దిగింది.

"ఆడ కాదు తల్లీ, ఈడ. పెద్దది కిందికి, చిన్నది సందులోకి."

"నీ దేవరకు ఇన్ని షోకులా?"

"ఏ దేవరో నాకూ తెలీదు. నువ్వు పెట్టు."

ఆమెను చూసి ఇంకొకరు దిగారు. చివరికి లారీ అంతా దిగింది.

ఆ ఏడు పోయినవాళ్లంతా క్షేమంగా తిరిగొచ్చారు. ఇంకేం, మొక్కు పుట్టింది.

ఎవరో ఆ రాళ్లకు పసుపు పూశారు. ఎవరో వంకమ్మ అని పేరు పెట్టారు. పోయేటప్పుడు ఒక రాయి, వచ్చేటప్పుడు ఒక రాయి. పెళ్లయితే రాయి, ఎనుము ఈనితే రాయి. చేను దున్నేటప్పుడు తేలిన రాళ్లు కూడా అక్కడికే.

ముసలాయన ఏటా సుగ్గి వేళకు వచ్చేవాడు. కొన్నాళ్లు వంక గట్టునే ఉండి, జనం పెట్టిన రాళ్లను వరుసలో సర్దేవాడు. ఊరు ఆయనకు రాళ్ల తాత అని పేరు పెట్టింది.

"యా ఊరు తాతా నీది?" అని హంపమ్మ సద్ది పెడుతూ అడిగింది ఒకసారి.

"నల్లమల దిక్కమ్మా."

"ఇంట్లోవాళ్లు తరిమినారా?"

"నేనే ఇల్లు ఇడిసి తిరుగుతాండానని నా పెండ్లాము తిడతాది."

"పోయి పోయి గట్టు పక్కన, ఎప్పుడో ఊరిడిసి పోయిన సాయిబుల బీడులో, కంపచెట్ల కింద పండుకుంటాడు. తేలు కుడితే దిక్కెవరు?" అన్నాడు ఉరుకుందు.

"ఆ బీడులో తేళ్లకు నేను తెలుసులేప్పా" అని తాత నవ్వాడు.

రాళ్ల వరుస ఈ గట్టు నుంచి ఆ గట్టుకు కలిసింది. ఆ మరుసటి సుగ్గికి తాత రాలేదు. పెద్దవాడు, నడవలేక ఆగిపోయాడేమో అనుకున్నారు.

వానాకాలం వచ్చింది.

ఏటా వాన పడగానే వంక పొంగి, చేలమట్టిని ఈడ్చుకుని తుంగభద్ర దిక్కు పరుగెత్తేది. తెల్లారేసరికి మళ్లీ ఇసుకే. ఈసారి నీళ్లు రాళ్లను తాకి ఆగాయి. వెనక్కి మళ్లి, ఎవరూ దున్నని సాయిబుల బీడు మీద పరుచుకున్నాయి. రాళ్ల సందుల్లో ఏళ్ల తరబడి పేరుకున్న మట్టి వాటిని పట్టి నిలిపింది.

దిగువ బావులు ఊరాయి. ఊరంతా ఉల్లి నాట్లు వేసింది.

గుట్ట ఎక్కి చూస్తే ఎర్ర నేల మీద పసుపు రాళ్ల గీత. గీతకు ఈ పక్క నీళ్లు, ఆ పక్క పచ్చదనం. ఊరి మొక్కులన్నీ కలిసి నేల మీద రాసిన గీత అది.

దసరా పోయింది. లారీ వచ్చి, ఖాళీగా తిరిగిపోయింది. శివజ్యోతి బడికి పోయింది.

అప్పుడు ఉరుకుందు కబురు మోసుకొచ్చాడు.

"సాయిబుల బీడోళ్లు ఆత్మకూరు నుంచి వస్తాండారంట. భూమి మునిగితే ఊరుకుంటారా? కట్ట తెంపాల్సిందే. లారీని మళ్లా రమ్మంటా."

"రమ్మను. ఎక్కేటోళ్లుంటే ఎక్కించుకో" అంది హంపమ్మ.

అన్నదే గానీ ఆమెకూ తెలుసు. కట్ట తెగితే బిడ్డ చదువూ తెగుతుంది.

మరునాడు కట్ట దగ్గర ఆటోలోంచి దిగింది ఒక ముసలామె, ఒంటరిగా. పేరు దౌలత్ బీ అంది. హంపమ్మ కట్ట మీదికెక్కి అడ్డంగా నిలబడింది. వెనక ఊరంతా నిలబడింది.

"ఈ కట్ట ఎవురు కట్టినారు?"

"మేమే. తెంపాలంటే నన్ను తొక్కి పోవాల, అవ్వా."

"మా బీడు యాడుండాది?"

హంపమ్మ నీళ్లు చూపింది.

"అంతా మునిగిందా?"

"అంతా."

దౌలత్ బీ ఆ నీళ్ల దిక్కు తిరిగి కట్ట ఎక్కింది. తర్వాత కొంగు ముడి విప్పి ఒక చిన్న రాయి తీసింది. కట్ట మీద కూర్చుని, రెండు రాళ్ల మధ్య దాన్ని దూర్చింది.

"పెద్దది కిందికి, చిన్నది సందులోకి" అని గొణిగింది.

హంపమ్మ ఆమె పక్కన కూర్చుంది.

"ఆ మాట నీకెవురు చెప్పినారవ్వా?"

"మా ఆయన. అన్నం కాడ కూసున్నా ఇదే మాట. కరువుకు ఈ ఊరు ఇడిసి మొదట పోయినోళ్లం మేమే, ఇంకొకరు పోకూడదు అనేటోడు. ఒక చెయ్యి చాలదు, ఊరి చేతులు కావాల అనేటోడు. పోయిన రంజాన్ నెలలో కన్ను మూసినాడు."

ఆమె కొంగుతో చేతుల మట్టి తుడుచుకుంది.

"పోయేవాళ్లు రాయి పెట్టాల గదా. ఆయన పెట్టకనే పోయినాడు. గోరీ తవ్వేటప్పుడు తేలిన రాయి ఇది."

అందరికంటే ముందు ఉరుకుందు వంగి, ఒక రాయి ఎత్తి, ఆ రాయి పక్కన సర్దాడు. తర్వాత ఊరంతా కదిలింది. వంక ఆ చివర నుంచి ఈ చివర దాకా కట్ట ఆ పూటే ఒక వరుస పెరిగింది.

ఇన్నాళ్లూ దిక్కులేనివాడని ఊరు సద్ది పెట్టి సాకిన రాళ్ల తాత, తనకున్న భూమినంతా నీళ్లకిచ్చి ఊరినే సాకిన వలి సాహెబ్.